చెవులు మూసుకుని చెప్పిన రహస్యం

గుట్టు అనేది ఒకటుంటుందని నమ్మిన రోజులవి. ఇప్పుడు మా మనవరాలు చెవుల్లో రెండు శనగగింజల్లాంటివి పెట్టుకుని, ట్రైన్‌లో అందరికీ వినపడేలా స్నేహితుడితో కబుర్లాడుతుంటే నాకు నవ్వొస్తుంది, వెంటనే పాత దిగులూ కదులుతుంది. ఆ వయసులో నా గొంతు సింగపూర్‌లో మా చోవా చూ కాంగ్ ఫ్లాట్ నుంచి సముద్రం దాటి ఇండొనేషియాలోని బాటమ్ దాకా పోయేది. (సరే, అబద్ధం. మా ఊళ్లోనే ఉన్న క్లెమెంటి దాకా పోయేది, అదీ వాన లేనప్పుడు.)

లారీవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునే సీబీ రేడియో సెట్టుని మా బాబాయి తన లారీలోంచి ఊడదీసి ఇస్తే, దాన్ని కారు బ్యాటరీకి తగిలించి మంచం పక్కన పెట్టుకున్నాను. మీట నొక్కి మాట్లాడాలి, చివర 'ఓవర్' అనాలి, మీట వదిలి వినాలి. అసలు పేర్లు ఎవరూ చెప్పరు. నేను 'పిడుగు', క్లెమెంటిలో ఒకమ్మాయి 'వెన్నెల'. నేను సైన్స్ పార్క్‌లో ఇంజనీర్నని ఆమెకు చెప్పాను. (సైన్స్ పార్క్ నిజమే. ఇంజనీర్లకు పార్సిళ్లు మోసేవాణ్ణి.) రేవులో పని చేసొచ్చి నడుం వాల్చే మా నాయనకు ఆ గరగర గిట్టేది కాదు. "అది రేడియోనా, నూనెలో చేపనా? ఆపకపోతే బ్యాటరీతో సహా కిందికి విసిరేస్తా!" అన్నాడు. అందుకని హెడ్‌ఫోన్లు కొన్నాను. సెట్టు వెనక వాటి పిన్ను దూర్చగానే లోపలి స్పీకరు నోరు మూసుకునేది. వాటిలో సన్నగా వినపడుతుందని సౌండు చివరి దాకా తిప్పేవాణ్ణి. ఇల్లంతా నిశ్శబ్దం, నా చెవుల్లో వెన్నెల. నాకు వినపడేది నా ఒక్కడికే కాబట్టి, నేను చెప్పేదీ ఆమె ఒక్కతికే వినపడుతుందని నిశ్చయించుకున్నాను. నా తెలివి అంత!

ఒక ఆదివారం సాయంత్రం నాయన హాల్లో పేపరు చదువుకుంటుంటే, దుప్పటి ముసుగేసుకుని, మైకు పెదాలకు ఆనించి గుసగుసలాడాను. "వెన్నెలా, నువ్వు ఊఁ అంటే మా నాయన్ని మీ ఇంటికి పంపుతా. ఓవర్."

కాసేపు గరగర. తర్వాత ఒక పెద్దావిడ గొంతు. "ఎవరబ్బాయ్ నువ్వు? నేను వాళ్లమ్మని. పిల్ల ఉప్పు కొనుక్కురావడానికి కడకి పోయింది. వంటింట్లోకి ఇంకో స్పీకరు లాగించుకున్నాం గదా, రోజూ నీ కబుర్లు వింటూనే తాలింపు పెడతా. గరిటతోనే పరిగెత్తుకొచ్చా..."

హెడ్‌ఫోన్లు లాగి పారేశాను. వాటితోపాటు పిన్నూ ఊడింది. నోరు మూసుకున్న స్పీకరు ఒక్కసారిగా ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది: "ఇంజనీర్నన్నావు గదా, ఇంతకీ ఏం పని చేస్తావు? ఓవర్!"

నాయన గుమ్మంలో నిలబడ్డాడు. కొడతాడనుకున్నాను. "ఆయమ్మ అడుగుతా ఉంది కదరా, చెప్పు!" అన్నాడు.

పార్సిళ్లని ఎలా చెప్పను? సెట్టు ఆపేశాను.

ఆ తర్వాత చాలా సాయంత్రాలు హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. "పిడుగూ, ఉన్నావా? అమ్మ తిట్టలేదు. ఓవర్." బొటనవేలు మీట మీదే ఉండేది, నొక్కేది కాదు. కొన్నాళ్లకు గరగర ఒక్కటే మిగిలింది. (నేనే మానేశానని ఇంట్లో చెబుతుంటాను. ఆమే మానేసింది.)

మొన్న మనవరాలి శనగగింజలు చెవుల్లో పెట్టుకుని కూర్చున్నాను. "తాతా, నథింగ్ ప్లేయింగ్ లా!" అంది. పాటేమీ రావట్లేదని తెలుసన్నాను. ఆ పెద్దావిడ ఇప్పుడడిగితే తడుముకోకుండా నిజమే చెబుతాను: ఏ పనీ లేదమ్మా, వింటూ కూర్చుంటాను. ఓవర్.