యాదిరెడ్డి కారు కోసం ఆరు బస్సులు

మంగళవారం ఉదయం ఏడుంబావుకి రామచంద్రాపురంలో బస్సెక్కాను. చేతిలో గుడ్డసంచి, అందులో ఒక ఫైలు, మంచినీళ్ల సీసా, మా ఆవిడ కట్టిచ్చిన నాలుగు చపాతీలు. ఉద్యోగమంతా కంపెనీ బస్సులో తిరిగినవాణ్ని. సొంత కారు కొనలేదు, కొనాలనీ అనిపించలేదు. అడిగి తెచ్చుకున్న కారును లారీకి గుద్ది, ఇప్పుడు ఆ కారు కోసమే రోజంతా బస్సులు మారాల్సి వచ్చింది. ఇలాంటి పనిమీద ఇదే దారిన వెళ్లేవాళ్లు మరొకరు ఉండకపోరు కాబట్టి, ఎక్కడ ఏ బస్సెక్కాలో కూడా రాస్తున్నాను.

కారు యాదిరెడ్డిది. ఊరు గుమ్మడిదల. మా ప్లాంటులో పదిహేనేళ్లు కాంట్రాక్టు మీద నా పక్క మిషను దగ్గరే పనిచేశాడు. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు, ఆయన వెనకాలే నేనూ అదే ప్లాంటులో చేరాను. నా భాష విని నవ్వని మొదటి మనిషి యాదిరెడ్డి. కాంట్రాక్టు పోయాక ఎకరం పొలం అమ్మి ఏడు సీట్ల కారు కొన్నాడు. రోజూ గండిమైసమ్మ నుంచి ఏడుగురు షిఫ్టువాళ్లను బొంతపల్లి దగ్గర మందుల ఫ్యాక్టరీకి చేర్చడం, సాయంత్రం మళ్లీ దింపడం అతని పని. ఇల్లు దానిమీదే గడుస్తోంది.

ఊరి నుంచి వచ్చిన మా అత్తగారికి ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారి మొక్కు ఉంది. మూడు వారాల కిందట, ఆదివారం ఫ్యాక్టరీ సెలవు కదా అని కారు అడిగాను. తనే నడుపుతానన్నాడు. "వారానికొక్క రోజైనా నువ్వు పడుకోవయ్యా" అని పెద్దరికం చూపించి తాళాలు తీసుకున్నాను. తిరుగు ప్రయాణంలో రుద్రారం దాటాక ముందున్న లారీ ఒక్కసారిగా ఆగింది. నేను ఆగలేకపోయాను. మాకు దెబ్బలు పెద్దగా తగల్లేదు గాని కారు ముందు భాగం అప్పడంలా అయింది. లారీ డ్రైవరు దిగి తన బండి వెనక చూసుకుని, నా మొహం చూసి, బండెక్కి వెళ్లిపోయాడు.

ఏడుంముప్పావుకి పటాన్‌చెరులో దిగాను. గ్యారేజీ బస్టాండు నుంచి పది నిమిషాల నడక. మెకానిక్ ఖాజా అప్పుడే షట్టర్ ఎత్తుతున్నాడు. కారు మూలన తలవంచుకుని నిలబడి ఉంది. అద్దానికి లోపలివైపు యాదిరెడ్డి అంటించిన కాగితం అలాగే ఉంది. ఏడు పేర్లు, పక్కన టైములు. మొదటి పేరు స్వరూప, ఆరుంపది, బ్యాంకు కాడ.

"ఇన్సూరెన్సోళ్లు ఏమన్నరు సారూ?" అన్నాడు ఖాజా.

"ఇవ్వం అని ఉత్తరం పంపారు. మళ్లీ అడగడానికే వెళ్తున్నాను."

"వాళ్ల మీద ఉంటే బండి గిట్లనే నిలబడతది. నువ్వు హా అను, సగం ముందుగాల పెట్టు, ఇరవై రోజుల్ల బయటకి తీస్త. పురాగా నీ జేబుకెల్లే పోతది మరి, సోంచాయించుకో."

సాయంత్రంలోగా చెబుతానన్నాను. నెలాఖరులోగా కారు గేటు ముందు నిలబడకపోతే ఆ ట్రిప్పు వేరేవాళ్లకు ఇచ్చేస్తామని ఫ్యాక్టరీవాళ్లు యాదిరెడ్డికి చెప్పేశారు. ఇవాళ ఎనిమిదో తేదీ. ఖాజా చెప్పిన ఇరవై రోజులు ఇవాళే మొదలైతే సరిపోతాయి. ఇల్లు రంగులు వేయించడానికి దాచుకున్న డబ్బు బ్యాంకులో ఉంది. అది కదిలించకుండా బయటపడాలనే ఆశ మాత్రం ఇంకా చావలేదు.

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డికి బస్సులకు కొదవలేదు, సీట్లకే కొదవ. ఎక్స్‌ప్రెస్‌లో నిలబడి వెళ్లాను. ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి బస్సులో టికెట్ కొన్న నలుగురైదుగురు మగవాళ్లం ఫుట్‌బోర్డు దగ్గర ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డాం. "పైసలిచ్చినోళ్లే నిలబడాలె ఈ బండిల" అని నా పక్కాయన నవ్వాడు. రుద్రారం దగ్గర నేను కళ్లు మూసుకున్నాను.

సంగారెడ్డిలో టిఫిన్ చేసి, పదిన్నరకు ఇన్సూరెన్స్ ఆఫీసు మెట్లెక్కాను. గంటంబావు కూర్చోబెట్టాక ఒక మేడమ్ పిలిచారు. ఓపికగల మనిషి. నా గోడంతా విని, ఫైలు తీసి ఒక కాగితం నా ముందు పెట్టారు.

"ఈ రాత మీదేనా సార్?"

నాదే. నష్టం లెక్కగట్టడానికి ఇన్సూరెన్స్ సర్వేయరు గ్యారేజీకి వచ్చిన రోజున నేనే రాసి సంతకం పెట్టిన కాగితం. ఆయన అడిగింది ఒక్కటే, ప్రమాదం ఎలా జరిగిందని. నేను అది రాసి ఊరుకోలేదు. ఒక మాట అడిగితే పది చెబుతారని మా ఆవిడ ఊరికే అనదు. కింద ఇంకా రాశాను: 'ఈ కారు రోజూ ఫ్యాక్టరీకి షిఫ్టువాళ్లను చేరవేస్తుంది. యజమాని కుటుంబం దీనిమీద వచ్చే కిరాయితోనే బతుకుతోంది. దయచేసి త్వరగా మంజూరు చేయగలరు.' జాలి పుట్టిద్దామనుకున్నాను. చేతిరాత కూడా ముత్యాల్లా ఉంది.

"తెల్ల నంబరు ప్లేటు బండి సార్ ఇది. సొంతానికే తిరగాలె. కిరాయికి తిప్పాలంటే పసుపు ప్లేటు, పర్మిటు, దానికి వేరే పాలసీ ఉంటయి. కిరాయికి తిప్పుతున్నరని మీరే రాసిచ్చినంక మేమేం చేస్తం?"

"కానీ మేడమ్, ఆ రోజు గుడికి వెళ్లాం. కిరాయికి కాదు."

"మీరు చెప్పేది నాకు సమజైతుంది సార్. రెండు దిక్కులా కనుక్కున్నంకనే రాసిన్రు. ఇగ మారది."

ఆ రెండు దిక్కులేమిటో అడిగే ఓపిక నాకు లేదు. ఈ చుట్టుపక్కల ఏ ఫ్యాక్టరీ గేటు ముందు చూసినా తెల్ల ప్లేట్ల బళ్లే వరసగా నిలబడి ఉంటాయి. పొలం అమ్మినవాడు కారు కొంటాడు, కారు కొన్నవాడు షిఫ్టువాళ్లను ఎక్కించుకుంటాడు. అది తప్పని ఎవరికీ తట్టదు. నాకూ తట్టలేదు. తెలిసి ఉంటే నోరు మూసుకునేవాణ్నా అంటే, అదీ నమ్మకం లేదు.

ఫోనులో చెప్పే విషయం కాదు. పన్నెండుంపదికి నర్సాపూర్ బస్సెక్కాను. కిటికీ పక్కన సీటు దొరికింది గాని మనసు కుదురుగా లేదు. యాదిరెడ్డికి వచ్చిన ఉత్తరంలో 'నిబంధనలకు విరుద్ధంగా వాడినందున' అని మాత్రమే ఉంది. ఎవరు చెప్పారో లేదు. నేను నోరు విప్పకపోతే అతనికి తెలిసే దారి లేదు. ఆ ఆలోచన వచ్చినందుకు నామీద నాకే అసహ్యం వేసింది, అయినా అది గంటసేపు నన్ను వదల్లేదు.

ఇస్మాయిల్‌ఖాన్‌పేట గుడికి వెళ్లొస్తున్న ముసలమ్మ ఒకామె నా పక్కన కూర్చుని కొబ్బరిముక్క చేతిలో పెట్టింది. "మొఖం గట్ల గుంజుకపోయిందేంది బిడ్డా? నువ్వు గూడ ఒకసారి అమ్మ కాడికి పోయిరా, మంచిగైతది."

"పోయొచ్చానమ్మా. అక్కణ్నుంచే మొదలైంది" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు, ఇంకో ముక్క పెట్టింది.

నర్సాపూర్ బస్టాండులో చపాతీలు తిని, పది రూపాయల టీ తాగాను. అక్కడ హైదరాబాద్ వైపు వెళ్లే బస్సు పట్టుకోవాలి. అడవి దాటేదాకా చల్లగా ఉంటుంది, రోడ్డుపక్క కోతులు ఎవరో ఒకరు ఏదో విసరకపోతారా అని కూర్చుని ఉంటాయి. గుమ్మడిదల దగ్గర పడుతుంటే గాలిలో మందుల వాసన మొదలవుతుంది. కొత్తవాళ్లు కిటికీ మూస్తారు, ఊరివాళ్లు మూయరు.

రెండున్నరకు యాదిరెడ్డి ఇంటికి చేరాను. వాకిట్లో గోనె పరిచి వంకాయలు ఏరుతున్నాడు. కారు లేక పనీ లేదు. అతని భార్య సుగుణమ్మ చెంబుతో నీళ్లిస్తూ, "క్యాను నీళ్లే సారూ, తాగు. మా బోరు నీళ్లు నీకు పడయి" అంది.

ఉత్తరం సంగతి అందరికీ తెలిసిందే కనుక నేరుగా నా పాపం దగ్గరికే వచ్చాను. సర్వేయరు, కాగితం, నేను రాసిన మూడు లైన్లు, అన్నీ చెప్పాను. "నీ క్లెయిము పోగొట్టింది లారీ కాదు యాదిరెడ్డీ, నా చేతిరాత."

అతను పుచ్చు వంకాయ ఒకటి తీసి పక్కన పడేశాడు. "నాకెరికే సారూ."

"ఎరికేనా? ఎలా?"

"ఆ సర్వేయర్ మర్నాడే నాకు ఫోన్ కొట్టిండు. 'మూర్తి సారు గిట్ల రాసిచ్చిండు, కిరాయికి తిప్పుతున్నవంట, నిజమేనా' అని అడిగిండు. కాదు, ఆయనకు తెల్వదు, సొంతానికే వాడుకుంటున్న అంటే అయిపోతుండె. మంచోడే, గా మాట నాతోని అనిపియ్యాలనే చూసిండు."

"మరి అనకపోయావా?"

"ఎట్లంట సారూ? నువ్వు సంతకం పెట్టినవు. నేను కాదంటే నువ్వు అబద్ధం రాసినట్లయితది గద. ఇన్నేండ్ల సంది నీ మాట కాదన్ననా ఎన్నడన్న? అవునన్న."

సుగుణమ్మ గడపలో నిలబడి, "నాకు గూడ నిన్నటిదాక చెప్పలే" అంది. కోపంగానే అంది, ఎవరిమీదో తెలియలేదు.

బస్సులో గంటసేపు నేను ఏం దాచుదామా అని లెక్కలు వేస్తూ వచ్చాను. ఈ మనిషి మూడు వారాలుగా నా తప్పును నాకే తెలియకుండా దాచి, ఉత్తరం వచ్చిన రోజున కూడా "పోనీ తియ్ సారూ, పరేషాన్ గాకు" అని నన్నే ఓదార్చాడు. అక్కడే, అతని ముందే, ఖాజాకు ఫోన్ చేసి పని మొదలుపెట్టమన్నాను. సగం పెట్టుకుంటానని యాదిరెడ్డి పట్టుబట్టాడు. "ఇందాక నా మాట ఎన్నడూ కాదనలేదన్నావు కదా, ఇదీ కాదనకు" అన్నాను. ఆ ఒక్కసారి నా నోరు పనికొచ్చింది.

అయిదుంబావుకి గండిమైసమ్మ బస్సు ఎక్కించాడు. సంచి నిండా వంకాయలు పోశాడు. బొంతపల్లి దాకా సుఖంగానే కూర్చున్నాను. అక్కడ జనరల్ షిఫ్టు వదిలారు. బస్సు ఒక్కసారిగా నిండిపోయింది. నీలం కోట్లు సంచుల్లో కుక్కుకుని ఆడవాళ్లు ఎక్కారు, వాళ్ల వెనక ఒడిశా కుర్రాళ్లు. కడుపుతో ఉన్న ఒకామె ఎక్కితే లేచి నా సీటిచ్చి, పక్కన నిలబడ్డాను. ఆమె పక్కనున్నావిడ కిటికీకి తల ఆనించి, "గీ బస్సుల ఇంటికివోయే వరకు పానం పోతున్నది" అంది. "మూడు వారాల కింద దాక కార్ల పోతుంటిమి. పొద్దుగాల బ్యాంకు కాడ ఎక్కుతుంటి, డ్యూటీ గేటు కాడనే దిగుతుంటి."

ఆమె ఎవరో నాకు తెలిసిపోయింది. "కారు ఏమైందమ్మా?" అని అడిగాను, తెలిసీ.

"ఎవలో సారు తీస్కపోయి లారీకి గుద్దిండట. ఎవలన్నా అని ఎన్నిసార్లడిగినా యాదన్న పేరు చెప్తలేడు. దోస్తు అన్నడు, అంతే."

కడ్డీ పట్టుకుని నిలబడ్డ చెయ్యి లాగేస్తోంది. పొద్దుటి నుంచి ఇది అయిదో బస్సు. ఇంకో పదిహేను నిమిషాలు నోరు మూసుకుని నిలబడితే గండిమైసమ్మ వస్తుంది, అక్కడ మియాపూర్ మీదుగా మా బస్సు దొరుకుతుంది.

"ఆ సారును నేనేనమ్మా స్వరూపా" అన్నాను.

ఆమె తల ఎత్తి నన్ను పైనుంచి కిందికి చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. తను కిటికీ వైపు ఒదిగి, పక్కామెను కూడా కొంచెం లోపలికి జరిపి, సీటు చివర జానెడు చోటు చేసింది.

"కూసో సారూ. సంచి బరువున్నట్టుంది నీకు."

కూర్చున్నాను. వంకాయల సంచి ఒళ్లో పెట్టుకున్నాను. ఆమే అడిగింది, "మరి కారు ఎన్నడొస్తది?"

"ఇరవై ఎనిమిదో తారీకుకి."

"పక్కానా? మావోళ్లకు చెప్పాల్నా మరి?"

ఈసారి ఒక మాటకు పది చెప్పలేదు. చెప్పమన్నాను.