గడప మీద చలికాలం

ఇప్పటి పిల్లలకు కరెంటు పోవడమంటే ఇన్వర్టరు కీచుమనడమే. ఆ రోజుల్లో మొఘల్‌పురాలోని మా అద్దె ఇంట్లో కరెంటు పోతే అందరం ఒక గదిలోకి చేరేవాళ్లం, మాతోపాటు పోట్లాట కూడా చేరేది. (దానికి బాధ్యురాలిని నేనేనని ఇంట్లో తీర్పు అయిపోయింది. అప్పీలుకు అవకాశం ఇవ్వలేదు.)

నేను డిగ్రీలో కెమిస్ట్రీ చదువుతున్నప్పుడు, కాన్పుకొచ్చిన అక్క ఆడపిల్లను కన్నది. మంచి పుష్యమాసం చలి. ఆ సాయంత్రం గల్లీ చివర ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి, బావ కొనిచ్చిన హీటరు అలంకారంగా మిగిలింది. అమ్మ తొణక్కుండా సిగిడిలో బొగ్గులు రాజేసి, ఎర్రబడ్డాక తెచ్చి బాలింత మంచం కింద పెట్టింది. కిటికీ సందుల్లో పాత చీర పేలికలు కుక్కింది. ఇక తలుపు వేయడమే తరువాయి. నేను వెళ్లి గడప మీద కూర్చున్నాను.

“లే ఆడికెల్లి. గడప మీద గూసుంటరా ఎవరన్నా?”

“తలుపేస్తే బొగ్గుల గాలి విషమైతదమ్మా. వాసన రాదు, కనవడదు. నిద్రలనే పానం తీస్తది. పసిపిల్ల ఉన్నది ఇంట్ల.”

“వాసన రాదు, కనవడదు. మరి నీకెట్ల ఎర్కైంది?”

(జవాబు ఉంది. కాని రెండు పేజీలు పడుతుంది.)

“నిన్ను గన్నప్పుడు గిట్లనే వెట్టుకున్న. ఏమైంది నీకు? నోరు లేసింది, అంతే గద.”

“అప్పుడున్నది పెంకుటిల్లు, మీదికెల్లి అన్నీ సందులే. ఇది స్లాబు.”

అమ్మ ఒకసారి పైకప్పు వంక చూసింది. అయినా తగ్గలేదు. “బాలింతకు గాలి సోకితే ముసలితనంల మోకాళ్లు వట్టుకుంటయ్. అప్పుడు నీ కాలేజోళ్లొచ్చి ఒత్తుతరా?”

బాపు “ఇద్దరూ కరెక్టే” అని ట్రాన్స్‌ఫార్మర్ చూడటానికి వెళ్లిపోయాడు. (మేం వాదించుకునేటప్పుడు ఆయన చూడాల్సినవన్నీ గల్లీ చివరే ఉండేవి.) అమ్మ తలుపు రెక్కను నా వీపుకు ఆనేదాకా నెట్టింది. కాసేపటికి అక్క మెల్లగా అంది: “అమ్మా, తల బరువైతున్నదే.”

“దీని లొల్లి ఇనే” అంటూనే అమ్మ వంగి పసిదాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. సిగిడిని గుడ్డతో పట్టుకొని, “జరుగు” అంటూ వాకిట్లోకి తెచ్చింది. తలుపు బార్లా తీసింది. గది గాలి మారేదాకా ఆగి, బొంతలు సిగిడి మీద కాచి తెచ్చి అక్కకు కప్పింది, వేడినీళ్ల సీసాకు తువ్వాలు చుట్టి కాళ్ల దగ్గర పెట్టింది. పిల్ల అక్క రొమ్ముకు అతుక్కొని పడుకుంది. “బొంతలు బైటనే జల్దీ కాగుతయ్” అన్నది అమ్మ. ఓటమిని అంతకంటే హుందాగా ఒప్పుకున్నవాళ్లను నేను చూడలేదు.

మేడ మీదుండే ఇంటి ఓనరు ఖాలా చాయ్ పట్టుకొని దిగింది. “ఏందమ్మా, నీ పోరి చలిల బైటనే కూసున్నది?”

“కావలి గాస్తున్నది” అన్నది అమ్మ. నిజమే. సిగిడి మళ్లీ లోపలికి పోతుందేమోనని, కరెంటు వచ్చేదాకా నేను గడప వదల్లేదు.

అక్క మోకాళ్లు నేటికీ భేషుగ్గా ఉన్నాయి. గాలి సోకింది నాకే. మొన్న చలిలో కరెంటు పోయి హీటరు ఆగితే, పట్టేసిన నా మోకాళ్ల కోసమే గదిలో సిగిడి రాజేసి, కిటికీ ఒక్క రెక్కే కదా అని వేయబోయాను. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటూ నా దగ్గరే ఉంటున్న ఆనాటి పసిపిల్ల వెళ్లి గడప మీద కూర్చున్నది.

“లే ఆడికెల్లి” అన్నాను. గొంతు అచ్చం అమ్మదే.

“లెవ్వ, చిన్నమ్మా.”

సిగిడిని వాకిట్లో పెట్టి వచ్చి, నేనూ గడప మీద పిల్ల పక్కనే కూర్చున్నాను. ఆనాడూ వాదన ఇలా కూర్చునే చేశాను. ఈసారి లేవడానికి మాత్రం దాని చెయ్యి కావలసి వచ్చింది.