మావయ్య నడక నేను నడిచాను

తొమ్మిదేళ్లుగా ఒక మనిషి నడకను నా ఒంట్లో దాచుకుని తిరుగుతున్నాను. మాటవరసకు చెప్పడం లేదు. ఇప్పుడు లేవమంటే లేచి, ఆయన ఎలా నడిచేవాడో అచ్చం అలాగే గుమ్మం దాకా నడిచి చూపించగలను. నేను చేసిన తప్పు ఆ నడకలోనే ఉంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు, నేను మిమ్మల్ని ఎరగను, బహుశా అందుకే నోరు పెగులుతోంది. నా పేరు మాత్రం అడక్కండి.

మాది ఖరగ్‌పూర్. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చిన కుటుంబం. పూరీ గేట్ దగ్గర క్వార్టర్లో పెరిగాను. మొహాలు మర్చిపోతాను గానీ నడకలు మర్చిపోను. వర్క్‌షాపు సైరన్ మోగాక గేటులోంచి వచ్చేవాళ్లలో ఎవరు ఎవరో అల్లంత దూరం నుంచే చెప్పేదాన్ని. ఆయన కాలు ఎందుకు అలా పడుతుంది, ఈయన చెయ్యి ఎందుకు ఊగదు, అని నాన్న ప్రాణం తోడేసేదాన్ని. నాన్న నన్ను ఎంక్వైరీ కౌంటర్ అని పిలిచేవాడు.

అడగడంతో ఆగితే బాగుండేది. వాళ్ల వెనకే వాళ్లలా నడిచేదాన్ని కూడా. అమ్మ వీపు మీద ఒక్కటి వేసేది. పక్క క్వార్టర్ అప్పలనాయుడు మావయ్య మాత్రం పడీపడీ నవ్వేవాడు. చుట్టం కాదు, మా లైన్లో అందరూ వరసలు కలిపేసుకుంటారు, అంతే. ఆయన వర్క్‌షాపులో ఫిట్టరు. కుడి భుజం కాస్త ముందుకు వేసి, మడమలు గట్టిగా ఆనించి, ఎడమ పాదం బయటికి తిప్పి నడిచేవాడు. “ఏదీ, నా నడక నడిసి సూపించు కోడలా” అని ఆయనే అడిగేవాడు. పదహారేళ్లకే నేను ఆయనంత ఎత్తు వచ్చేశాను, దాంతో నా నకలు ఇంకా బాగా కుదిరేది.

ఇలాంటి దానికి ఏ చదువు సరిపోతుంది? ఊరి చివర హిజ్లీ మీదుగా సైకిల్ తొక్కుకుంటూ వెళ్లి ఒక యూనివర్సిటీలో కినీషియాలజీలో చేరాను. ఏ యూనివర్సిటీయో చెప్పను. మనిషి ఎలా కదులుతాడు, ఏ కండరం ఎప్పుడు లాగుతుంది, ఏ కీలు ఎంత వంగుతుంది, అదే ఆ చదువు. ఆ పేరు నోరు తిరగక నాన్న నడకల కాలేజీ అనేవాడు.

మా డిపార్ట్‌మెంట్‌లో నల్ల పరదాల గది ఒకటి ఉండేది. కీళ్ల దగ్గర చిన్న తెల్ల బంతులు అంటించుకుని అందులో నడవాలి. చుట్టూ కెమెరాలు. పక్క గదిలో కంప్యూటర్ తెర మీద మనిషి కనపడడు. నల్లటి తెర మీద కొన్ని చుక్కలు నడిచి వెళ్తాయి. అయినా ఎవరో తెలిసిపోతుంది! మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. మొహం తీసేసినా, ఒళ్లు తీసేసినా, మనిషి మిగిలే ఉన్నాడు.

శనివారం మెస్‌లో భోజనం అయ్యాక అక్కడ చుక్కల ఆట ఆడేవాళ్లం. ఒకరు గదిలో నడుస్తారు, మిగతావాళ్లు తెర చూసి పేరు చెప్పాలి. తప్పు చెప్పినవాళ్లు అందరికీ టీలు మోసుకు రావాలి. నేను ఇంకొకరి నడక నడిచి అందరినీ బోల్తా కొట్టించేదాన్ని. ఒకసారి మా సార్ నడక నడిచాను. ఆయన తెర ముందే కూర్చుని, “ఇది నేనెప్పుడు నడిచాను?” అన్నారట. వారం రోజులు నాకు నేల మీద కాలు ఆనలేదు. ఆ గదిని మోసం చేయవచ్చని నాకు అలా తెలిసింది.

ఆఖరి సంవత్సరం ప్రాజెక్టులో నాకు జోడీ మౌసుమి, మేదినీపూర్ అమ్మాయి. ఏళ్ల తరబడి వర్క్‌షాపులో వంగి పనిచేసిన పన్నెండు మందిని తెచ్చి, ఆరు నెలల ఎడంతో రెండుసార్లు నడిపించి, నడక మారిందా లేదా చూడాలి. పన్నెండుకు ఒక్కరు తగ్గినా ఒప్పుకోనని సార్ ముందే చెప్పేశారు. అయిపోయాక ఒక్కొక్కరికీ వాళ్ల నడక ఎలా ఉందో రాసిన కాగితం ఇచ్చి సంతకం తీసుకోవడం మా దగ్గర ఆనవాయితీ. తనతో కలిపి పన్నెండు మందినీ పోగుచేసి పెట్టింది మావయ్యే. మొదటిసారి ఖాకీ బట్టల్లో సైకిల్ తొక్కుకుంటూ వచ్చి, చెప్పులు బయట విడిచి, గుళ్లోకి వచ్చినట్టు వచ్చాడు.

రెండోసారి పదకొండు మంది వచ్చారు. మావయ్య రాలేదు. రేపు వస్తానన్నాడు. మళ్లీ రేపు అన్నాడు. మూడోసారీ అదే మాట. ఆయన మాట తప్పే మనిషి కాదు. ఎందుకు రావడం లేదు? లోకంలో ప్రతిదానికీ ఎందుకు అని అడిగే నేను ఆ ఒక్కటి అడగలేదు. ఆ రోజుతో ఆ గదిలో మాకిచ్చిన గడువు అయిపోతుంది. ఇద్దరి చదువూ ఇంకో ఏడాది వెనక్కి పోతుంది.

మౌసుమి పక్క గదిలో కంప్యూటర్ దగ్గర ఉంది. “వచ్చేశాడు” అని ఇవతల నుంచి కేకేశాను. నడుముకు ఇసుక బెల్టు కట్టుకున్నాను, అడుగు ఆయనలా బరువుగా పడాలి కదా. చెయ్యి అందక తంటాలు పడుతూ వీపు మీద నేనే బంతులు అంటించుకున్నాను. నడిచాను. కుడి భుజం ముందుకు, మడమలు గట్టిగా, ఎడమ పాదం బయటికి. పదిసార్లు. “మామా, భాలో ఆఛేన్?” అని, బాగున్నారా అని, మౌసుమి పరదా అవతల నుంచి వాళ్ల బెంగాలీలో ప్రేమగా పలకరించింది. నేను మగ గొంతుతో దగ్గాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ చెవులు కాలిపోతున్నాయి. కానీ నిజం చెప్పాలి: అప్పుడు సిగ్గు వేయలేదు. ఎంత బాగా కుదురుతోందా అని లోపల ముచ్చట పడ్డాను.

నడకలో ఏ మార్పూ లేదని కాగితం వచ్చింది. మార్పు ఎందుకు వస్తుంది? నాకు గుర్తున్న పాత నడకే నేను నడిచాను.

సంతకం కోసం ఆ కాగితం పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. గోడకు ఆనించిన సైకిల్ చక్రానికి సాలెగూడు పట్టి ఉంది. అదీ చూశాను. మావయ్య మంచం మీద కూర్చుని ఉన్నాడు.

“ఏటి రాసినారు కోడలా?”

“నీ నడకలో ఏ తేడా లేదంట మావయ్యా.”

“నేను రెండోపాలి రానేలేదు గదే. ఎలాగ తెలిసినాది?”

“ముందు తీసినదే సాలంట. మిషనుకి తెలిసిపోతాది.”

“ఠీక్ హై! మీ అత్త నా బుర్ర తినేస్తంది. కాళ్లు ఎడంగా పడతన్నాయి, సైకిలు తొక్కితే తూలిపోతన్నావు, ఆస్పత్రికెల్లు అని. ఇదిగో పార్వతీ, సూసినావా? మిషను సెప్పినాది.”

సంతకం పెడుతుంటే పెన్ను రెండుసార్లు ఆయన వేళ్లలోంచి జారింది. వంగి తీసి ఇచ్చింది నేనే. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. “మావయ్యా, ఆ కాగితం అబద్ధం, పద ఆస్పత్రికి” అనడానికి ఎంతసేపు పడుతుంది? అనలేదు. పార్వతత్త నా మొహంలోకి చూసి “అమ్మయ్య” అంది. ఆ కాగితాన్ని అద్దం కట్టించి, ఆయన సర్వీసు సర్టిఫికెట్ పక్కన గోడకు వేలాడదీశారు. ఆస్పత్రి మాట మళ్లీ ఎత్తలేదు.

తర్వాతి వానాకాలంలో వర్క్‌షాపు గేటు దగ్గర పడిపోయాడు. మెడ దగ్గర వెన్నుపాము నొక్కుకుపోయిందని, ముందే తీసుకొచ్చి ఉంటే ఇంత దూరం రాకపోయేదని డాక్టరు చెప్పాడు. ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది, నడక దక్కలేదు. నాలుగు కాళ్ల వాకర్ పట్టుకుని మంచం నుంచి వరండా దాకా, అంతే. మా ప్రాజెక్టుకు మంచి మార్కులే వచ్చాయి. మౌసుమికి ఇప్పటికీ ఏమీ తెలియదు.

ఆ కాగితం లేకపోతే ఆయన ఆస్పత్రికి వెళ్లేవాడా? సూది అంటేనే పారిపోయే మనిషి, వెళ్లేవాడు కాదేమో. అత్త పోరు పడలేక వెళ్లేవాడేమో. ఈ ప్రశ్నను తిప్పి తిప్పి చూశాను, ఎటు వైపు నుంచి కొలిచినా తేలదు. తేలకపోవడం నాకు అనుకూలంగా ఉందని తెలిసి ఇంకా భయం వేస్తుంది. నిజంగా తెలుసుకోవాలని ఉందా నాకు, లేక తెలియదు అనే మాట చాటున కూర్చోవాలని ఉందా?

పోయిన ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. మావయ్య వరండాలో కూర్చుని ఉన్నాడు. “ఏదీ, నా నడక ఓపాలి నడిసి సూపించు కోడలా. ఎలాగుండేదో మరిసిపోతన్నాను” అన్నాడు.

గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. ఆయన కళ్లు నా పాదాల మీదే ఉన్నాయి. “అదే,” అన్నాడు. “అదేనే. ఇంకోపాలి.” ఇంకోసారి నడిచాను. మూడోసారి కూడా. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మావయ్య మాత్రం చిన్నప్పటిలాగే నవ్వి చప్పట్లు కొట్టబోయాడు, చేతులు సరిగ్గా కలవలేదు.

ఇంటికి వచ్చి ఇది రాశాను. ఆయనకు చెప్పాల్సింది మీకు చెప్పాను. ఇది చాలదని తెలుసు. కానీ తొమ్మిదేళ్ల తర్వాత కాస్త ఊపిరి ఆడుతోంది. ఎప్పుడైనా మీరు పూరీ గేట్ వైపు వచ్చి, ఆ ఇంట్లో కూర్చుంటే, ఆయన గోడ మీది కాగితం చూపించి నా గురించి గొప్పగా చెబుతాడు. అందులో నడిచింది ఆయన కాదు, నేను.