అమ్మ చెయ్యి పెట్టని తోట

అబద్ధం చిన్నదే. మూడే మాటలు. "మాకూ ద్రాక్షతోట ఉండేది."

నేను ఐర్లండ్‌లో, కార్క్ దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో ఇంజినీరుని. నిరుడు చలికాలం మా మేనేజర్ ఇంటికి భోజనానికి పిలిచాడు. ఆయనా, భార్యా ఏటా జూన్‌లో ఇటలీ వెళ్తారు. టస్కనీలో కొండ మీద ఒక పాత ఊరు. ఇరవై ఏళ్లుగా అదే ఊరు, అదే తోట, అదే వైను. ఆ రోజు ఆయన నా చేతికి గ్లాసు ఇచ్చి ఎలా పట్టుకోవాలో, ఎలా వాసన చూడాలో, నాలుక మీద ఎంతసేపు నిలపాలో ఓపిగ్గా చెప్పాడు. బల్ల చుట్టూ ఎనిమిది మందిమి ఉన్నాం. పాఠం నాకొక్కడికే. మంచి మనిషే, పాపం, ప్రేమతోనే చెప్పాడు. కానీ నాకు ఒళ్లు మండింది. ద్రాక్ష గురించి నాకే చెప్తావా అనిపించింది. నోట్లోంచి ఆ మూడు మాటలూ వచ్చేశాయి.

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?" అని ఆయన కుర్చీలోంచి లేచినంత పని చేశాడు. భార్య నా చెయ్యి పట్టుకుని ఎన్నెకరాలని అడిగింది. పద్దెనిమిది అన్నాను. అది మటుకు నిజం. తోట పద్దెనిమిది ఎకరాలే. మాది కాదు, అంతే.

తోట మా ఊరి పటేలుది. హైదరాబాద్ పొలిమేరలో అప్పట్లో ఎటు చూసినా అనాబ్‌షాహీ ద్రాక్ష పందిళ్లే ఉండేవి. ఇప్పుడు అక్కడ విల్లాలు, ఫంక్షన్ హాళ్లు. మా అమ్మ ఆ తోటలో కూలికి పోయేది. ద్రాక్ష పందిరి మనిషి తలకంటే ఎత్తు. గుత్తులు పైనుంచి వేలాడుతుంటాయి. ఒక్కో గుత్తిలో చిన్న కాయలు కత్తెరతో తీసెయ్యాలి, తర్వాత కాయ లావెక్కడానికి గుత్తిని మందునీళ్ల గ్లాసులో ముంచాలి, పక్క గుత్తికి పోవాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మెడ పైకి, చేతులు పైకి. ఇంటికొచ్చాక అమ్మ చేతులు దించితే భుజాలు టకటకమనేవి. ఇప్పటికీ జడ వేసుకోవాలంటే ఎవరో ఒకరు వెయ్యాల్సిందే. నా హాస్టల్ బియ్యం, నా ఎంసెట్ కోచింగ్, నా మొదటి బూట్లు, అన్నీ ఆ పందిరి కిందనుంచి వచ్చినవే. ఈ సంగతి మేనేజర్‌కే కాదు, నా బిడ్డకు కూడా నేనెప్పుడూ చెప్పలేదు. దానికి పదకొండేళ్లు. కార్క్‌లోనే పుట్టింది. అడగలేదు కాబట్టి చెప్పలేదు అనుకునేవాణ్ని. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టు.

ఈ ఏడు అమ్మ మూడు నెలల వీసా మీద మా దగ్గరికి వచ్చింది. వస్తోందని తెలిసినప్పుడే మేనేజర్ పట్టుబట్టాడు. "మీ అమ్మగారిని తీసుకుని జూన్‌లో మాతో ఇటలీ రండి. అక్కడి తోట ఆవిడకు మీ సంగతి ఎప్పుడో చెప్పాం. ఇండియా నుంచి తోట యజమానురాలు వస్తోందని ఎదురుచూస్తోంది." వద్దనడానికి నాకు కారణం దొరకలేదు. అసలు దొరకాలని నేను గట్టిగా వెతకనూ లేదు. ఇటలీ వీసా వేరుగా అమ్మకు హైదరాబాద్‌లోనే వేయించి మరీ రప్పించాను. నా భార్యకు హాస్పిటల్‌లో సెలవు దొరకలేదు. అమ్మ, నేను, బిడ్డ బయల్దేరాం. గొప్పలకు పోతే తిప్పలంటారు. నా తిప్పలకు టికెట్లు నేనే కొన్నాను.

ఊరు నిజంగా అందంగా ఉంది. చుట్టూ రాతి గోడ, ఏనుగు పట్టేంత దర్వాజ, లోపల నిట్టనిలువు వీధులు. ఇళ్ల కింద కొండను తొలిచి వైను పీపాలు దాచిన నేలమాళిగలు. "గోల్కొండ లెక్కనే ఉంది గద బిడ్డా" అని అమ్మ చెప్పులు చేత పట్టుకుని నాకంటే ముందు ఎక్కేసింది. నేను రొప్పుతూ వెనకబడ్డాను. పైన చర్చి మెట్ల మీద కూర్చుని కిందికి చూస్తే కొండ నాలుగు వైపులా ద్రాక్షే. అమ్మ చాలాసేపు చూసింది. మొహంలో వెలుగొచ్చింది. "రేపు గాడికి పోతున్నమా?" అని రెండుసార్లు అడిగింది.

సాయంత్రం అద్దెకు తీసుకున్న ఇంట్లో, మేం మోసుకెళ్లిన కుక్కర్‌లో అన్నం వండి పచ్చిపులుసు చేసింది. తిని చేతులు కడుక్కున్నాక, బిడ్డ పక్క గదిలో ఉండగా, నేను ఆ మాట అన్నాను. ఎలా అన్నానో కూడా గుర్తుంది, తుండుగుడ్డ మడత పెడుతూ, ఏదో మామూలు సంగతిలా.

"అమ్మా, రేపు వాళ్లేమన్న అడిగితే తోట మనదే అని చెప్పవా? నేనట్ల చెప్పిన."

అమ్మ నా మొహంలోకి చూసింది. ఎందుకు అని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. గిన్నె బోర్లించి, కొంగుతో చెయ్యి తుడుచుకుని నవ్వింది.

"అంటే పటేలమ్మ లెక్క మాట్లాడాల్నా? మాట్లాడుత తియ్యి. ఇరవై ఏండ్లు ఆమె మాటలు పడ్డ, నాకు నోటికొచ్చినయే గద."

అని నడుం మీద చెయ్యి పెట్టి, మూతి ఒక పక్కకు తిప్పి, "ఏందే, గుత్తులు ముంచుతున్నవా, ముచ్చట్లు వెడుతున్నవా?" అంది. అచ్చం పటేలమ్మే. నేను పడీపడీ నవ్వాను. అదీ నా సంస్కారం. తనను తిట్టిన మనిషి వేషం మా అమ్మ చేత వేయిస్తూ నవ్వాను.

మర్నాడు పొద్దున తోటకు వెళ్లాం. తోట ఆవిడకు డెబ్బై దాటి ఉంటాయి. ఎండకు కమిలిన మొహం, రబ్బరు బూట్లు, నడుముకు తాడుతో కట్టిన కత్తెర. అమ్మను చూడగానే రెండు చేతులూ పట్టుకుని ఇటాలియన్‌లో గలగలా మాట్లాడింది. ఆవిడ మాట మేనేజర్ ఇంగ్లీషులో చెప్తాడు, నేను తెలుగులో చెప్తాను. అమ్మ మాట అదే దారిలో వెనక్కి పోతుంది. సాళ్ల మధ్య నడుస్తూ ఆవిడ ఒక తీగ దగ్గర ఆగింది. ఆకుల పక్కన మొలిచిన పిలకల్ని నాలుగు గిల్లింది. కత్తెర విప్పి అమ్మకు అందించింది. మీ దేశంలో ఎలా చేస్తారో చూపించు అంటోంది. మాట చేరకముందే మాకందరికీ అర్థమైంది.

అమ్మ చెయ్యి లేచింది. నేను చూశాను. బొటనవేలు, చూపుడువేలు అప్పటికే గిల్లడానికి సిద్ధంగా దగ్గరకొచ్చాయి. అంతలో నా వైపు చూసి, చెయ్యి కొంగులోకి దాచుకుంది.

"మేం చెయ్యి వెట్టకపోదుము. మాకు కూలోళ్లుండిరి" అంది.

నేను పొల్లుపోకుండా ఇంగ్లీషులో చెప్పాను. మేనేజర్ పొల్లుపోకుండా ఇటాలియన్‌లో చెప్పాడు. ఆవిడ "ఆ..." అంది. కత్తెర మళ్లీ నడుముకు కట్టుకుంది. మర్యాదకేం లోటు చెయ్యలేదు. కానీ ఆ తర్వాత అమ్మతో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. మేనేజర్ భార్య చెయ్యి పట్టుకుని ముందు నడిచింది.

సాళ్ల చివర అమ్మ నా పక్కకు వచ్చి గొంతు తగ్గించి అంది: "చూసినవా, ఈడ తీగలు నడుమెత్తులనే ఉన్నయి. చేతులెత్తే పనే లేదు. సుఖపడ్డరు వీళ్లు."

"అమ్మగారు ఏమంటున్నారు?" అని వెనక్కి తిరిగి మేనేజర్ అడిగాడు.

"చాలా అందంగా ఉంది అంటోంది" అన్నాను.

ఎవరూ చూడనప్పుడు అమ్మ ఒక లేత నులితీగ తుంచి నోట్లో వేసుకుంది. పుల్లగా ఉంటుంది. పందిరి కింద దాహమైతే కూలివాళ్లు నమిలేది అదే. చిన్నప్పుడు నాకూ పెట్టేది.

తర్వాత చెట్టు కింద బల్ల మీద రొట్టె, చీజ్, వైను పెట్టారు. మా అమ్మ కల్లు తాగే మనిషి. ఆదివారం ఒక సీసా తాగితే ఎన్ని కబుర్లు చెప్తుందో! కానీ పటేలమ్మ తాగదు కదా. "మా ఇండ్లల్ల ఆడోళ్లు తాగరు" అని గ్లాసు పక్కకు జరిపింది. అంత దూరం వచ్చి మంచినీళ్లు తాగింది.

అప్పుడు తోట ఆవిడ మేనేజర్‌తో ఏదో చెప్పింది. ఆయన మాకు చెప్పాడు: "ఈ నేల మొదట ఈవిడది కాదట. పన్నెండేళ్లప్పటి నుంచి ఇదే తోటలో కూలికి చేసిందట. పెద్దదయ్యాక కొంచెం కొంచెంగా కొనుక్కుందట. ఎవరైనా చేత్తో పనిచేసినవాళ్లు వస్తే తనకు పండగలా ఉంటుందట."

నేను అమ్మకు తెలుగులో చెప్పాను. అక్కడైనా మార్చి చెప్పకపోతినా అని ఇప్పుడనిపిస్తుంది. ఉన్నదున్నట్టు చెప్పాను. అమ్మ ఆవిడ చేతుల్ని చూసింది. తర్వాత నన్ను చూసింది. ఒక్క చూపు, అంతే. చెప్పమంటావా, వద్దంటావా అని అడుగుతోంది. నేను నోరు విప్పితే చాలు. "అమ్మా, చెప్పు" అంటే చాలు. మేనేజర్ ఏమనేవాడు? గ్రాండ్ అనేవాడు. ఆయన అన్నిటికీ అదే అంటాడు. నేను తల వంచుకుని రొట్టె ముక్కకు నూనె రాసుకున్నాను.

తిరిగి ఊళ్లోకి ఎక్కుతుంటే ఈసారి అమ్మ వెనకబడింది. దర్వాజ దగ్గర ఆగి ఊపిరి తీసుకుంటూ అంది: "ఆ ముసల్ది మంచిది బిడ్డా. పనిమంతురాలు. నేనే దానికి నచ్చలే."

నా తల తీసేసినట్టయింది. యూరప్ మొత్తంలో మా అమ్మ చేతుల విలువ తెలిసిన మనిషి ఒక్కతే ఉంది, ఆవిడ ముందు నేను అమ్మను చేతులు లేనిదాన్ని చేశాను. ఆ మాట అమ్మతో అనలేకపోయాను. ఐస్‌క్రీమ్ తింటావా అని అడిగాను.

మూడు రోజుల తర్వాత కార్క్‌లో దిగాం. వాన. ఎయిర్‌పోర్ట్ కార్‌పార్క్‌లోంచి బయటికి వస్తున్నాం. అమ్మా, బిడ్డా వెనక సీట్లో ఉన్నారు. నా బిడ్డ ఇంట్లో మాకు ఇంగ్లీషులోనే జవాబిస్తుంది. బాపమ్మతో మాత్రం ఈ మూడు నెలల్లో కార్క్ యాసలో తెలుగు మొదలుపెట్టింది.

"బాపమ్మా, మీ తోటలో వర్కర్స్ ఉండిరి కదా. వాళ్లను మీరు మంచిగా చూసుకున్నారా?"

అమ్మ కొంగుతో కిటికీ అద్దం మీది ఆవిరి తుడిచింది.

"ఒకామె ఉండె బిడ్డా" అంది. "పొద్దు పొడవకముందే వస్తుండె. కొడుకును పందిరి గుంజకు చీరెతోటి ఉయ్యాల కట్టి పండవెడుతుండె. వాడు ఏడిస్తే చెయ్యి దించనియ్యకపోదురు. వాడు ఏడుస్తనే ఉండె, ఆమె గుత్తులు ముంచుతనే ఉండె."

"దట్స్ హారిబుల్" అంది బిడ్డ. "ఎవరు దించనియ్యలేదు? నువ్వా?"

"నేను కాదు బిడ్డా."

"ఆ బాబు ఏమయ్యాడు?"

"పెద్ద సదువు సదివిండు. మంచి కొలువు."

"వాళ్లమ్మను చూసుకుంటాడా?"

అద్దంలో అమ్మ నన్ను చూడలేదు. కిటికీలోంచి వానను చూస్తోంది. "ఎందుకు చూడడు? మంచోడే. తల్లిని ఇమానం గూడ ఎక్కిచ్చిండు."

నేను వేయమన్న వేషం ఇంకా తీయలేదు. బిడ్డ ముందు కూడా నన్ను కాపాడుతోంది. తన బతుకును ఎవరో ఒకామె బతుకు చేసి చెప్తోంది. నా నోట్లో మన్ను పడ, దాన్ని కూడా నేను వింటూ కారు నడుపుతున్నాను.

బిడ్డ ఇంగ్లీషులోకి మారింది. "ఐ'డ్ లవ్ టు మీట్ హర్" అంది.

ఒక సిగ్నల్ దాటాను.

"నీ పక్కనే కూసుంది" అన్నాను. "ఆ ఏడ్చినోణ్ని నేనే. తోట మనది కాదు. నేనే అబద్ధం చెప్పిన. బాపమ్మతోటి గూడ చెప్పిచ్చిన."

కళ్లు మసకబారి ముందు దారి సరిగా కనిపించడం లేదు. భుజం మీద అమ్మ చెయ్యి చరిచింది. "ముందటికి చూసి నడుపు."

బిడ్డ నన్ను తిట్టినా బాగుండేది. బాపమ్మ వైపు తిరిగి, "చేతులు పైకి పెట్టి ఎంతసేపు ఉండేదానివి?" అని అడిగింది.

"పొద్దుందాక."

బిడ్డ రెండు చేతులూ ఎత్తి కారు పైకప్పుకు ఆనించింది. నొప్పి పుడుతుందేమో దించు అని అమ్మ అంటున్నా వినలేదు. పళ్లు బిగబట్టి అలాగే పట్టుకుంది. రెండు నిమిషాల దూరంలో ఉన్న కిన్సేల్ రోడ్ రౌండబౌట్ రాకముందే దించేసింది.