వెనక బెంచీ బేరం

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, చిక్కపేటలోని మా కొట్టుకు గోనెసంచులు కుట్టేందుకు ఒకాయన వచ్చేవాడు. పక్కనే ఉన్న కాఫీ హోటలు వాళ్లు ఆయన కులంవాళ్లకని బయట గూట్లో వేరే గ్లాసు పెట్టేవారు. ఆయన దాన్ని తీసి, బోర్లించి, గుమ్మంలో నిలబడేవాడు. కాఫీ వచ్చేది కాదు. రోజూ ఇదే తంతు.

"పేపర్లో పౌరహక్కులంటాండారే, అవేమప్పా?" అని ఒకసారి నన్నడిగాడు.

"గట్టిగా అడిగితే వచ్చేవి," అన్నాను, కొట్లో పెరిగిన తెలివితో.

బేరంలో నన్ను మించినవాడు లేడని నా నమ్మకం. ఆయన మొండితనం చూడలేక ఒకరోజు నేనే హోటలు యజమానితో అరగంట వాదించాను. జనం లేని వేళ ఆయన్ని లోపల వెనక బెంచీ మీద కూర్చోనిస్తానన్నాడు. గొప్పగా వచ్చి చెప్పాను.

ఆయన కుట్టడం ఆపలేదు. "అందరికీ ఉండేదాన్ని నాకు సగానికి బేరం చేసుకొచ్చినావా? అడిగితే వచ్చేది కాదప్పా అది. ముందునుంచీ నాదే. వాళ్లు పట్టుకోనుండారు, అంతే."

"నీ ఖర్మ!" అని విసురుగా వెళ్లి, అదే హోటల్లో ముందు బెంచీ మీద కూర్చున్నాను. కాఫీ వచ్చింది. సగం తాగాక తట్టింది, అక్కడ కూర్చోడానికి నేను ఏనాడూ ఎవరితోనూ బేరమాడలేదని.