మా సువార్తమ్మక్క నా కళ్లు బాగుచేయలేదు

పోయిన నెల ఒక పొద్దున కల్వకుర్తి అంగట్లో ఉల్లిగడ్డలు బేరం చేస్తున్నాను. మా ఊరి సాయిలు సైకిలు దిగి నా ముందర నిలబడ్డాడు. "చిన్నమ్మా, ఆ సంచి పక్కకు పెట్టు. పెద్దమ్మ పోయింది" అన్నాడు. పెద్దమ్మ అంటే సువార్తమ్మ. నా భర్తకు వదిన, నాకు తోడికోడలు. నేను అక్కా అని పిలిచేదాన్ని. మూడు వారాల నుంచి ఛాతీ నొప్పి, దగ్గు ఉన్నాయి కాని ఆ పొద్దున జొన్న గటక తాగింది. "పోయి అంగడి చేసుకొని రా, నేనేడికి పోత" అని తనే నన్ను పంపింది. సాయిలు మాట విని ఉల్లిగడ్డల కుప్ప పక్కనే కూలబడ్డాను.

నేను ఇల్లు చేరేసరికి మా చర్చి సంఘం ఆడవాళ్లంతా వాకిట్లో ఉన్నారు. అక్క చివరిసారి గట్టిగా ప్రార్థన చేసిందట. ఒక్కొక్కరి పేరు పెట్టి దీవించిందట. "నీ పేరు సుత తీసింది" అని అందరూ నాతో అన్నారు. వాళ్లు విన్నారు, నేను వినలేదు. పదిహేనేళ్లు ఒకే గోడకు అటు ఆమె, ఇటు నేను కాపురం చేశాం. ఆ ప్రార్థన వినాల్సినదాన్ని నేను. ఏడుస్తూనే వాళ్ల మీద నాకు కడుపు మండింది.

మట్టి చేసిన మూడో రోజు పాస్టరు అయ్యగారు వచ్చారు. "కరుణమ్మా, మన సంఘం పత్రికకు నాలుగు మాటలు రాయమ్మా. ఆ ఇంట్ల చదువొచ్చినదానివి నువ్వే. కండ్ల అద్భుతం మాత్రం మరువకు" అన్నారు. నేను షాద్‌నగర్ దగ్గర మా పుట్టిన ఊళ్లో మిషన్ బడిలో నాలుగో తరగతి దాకా చదివాను. ఉత్తరాలు తప్ప ఏదీ రాసినదాన్ని కాదు. తప్పులుంటే పెద్దలు దిద్దుకోండి. అద్భుతం గురించి కూడా రాస్తాను. రాయడానికి జంకేది దాని గురించే.

రజాకార్ల గోల సద్దుమణిగిన రెండేళ్లకు నేను ఈ ఇంటికి కోడలినయ్యాను. మాది గొర్లు కాసే ఇల్లు. అక్క అసలు పేరు బాలమ్మ. బాప్తిస్మం తీసుకున్నాక సువార్తమ్మ అయింది. సన్నగా, నల్లగా ఉండేది. నవ్వితే చిగుళ్లు కనిపించేవి. అక్షరం ముక్క రాదు. నేను వచ్చిన వారానికే బైబిలు పుస్తకం నా ఒళ్లో పెట్టి, "దేవుడు నా కోసం చదువుకున్న చెల్లెను తోలిండు" అంది. అప్పటి నుంచి రోజూ పగటి అన్నాలు అయ్యాక నేను ఒక భాగం చదవడం, ఆమె వినడం. ఆమె కొంగు తల మీదికి లాక్కొని కూర్చునేది. గదిలోకి పోయి తలుపు వేసుకొని ప్రార్థించమని వాక్యంలో ఉంది, మా ఇళ్లకు లోపల తలుపున్న గది ఒక్కటి లేదు. అడిగితే "కొంగు కప్పుకుంటే అదే నా అర్ర" అనేది.

విన్న మాటను ఆమె అక్కడ వదిలిపెట్టేది కాదు. పొద్దంతా గొర్ల వెంట తిరుగుతూ దాన్నే నెమరు వేసేది. ఒకసారి ప్రభువు ఒంటరిగా కొండ ఎక్కి రాత్రంతా ప్రార్థించిన సంగతి చదివాను. "ఏం మాట్లాడిండు? గది రాయలేదా?" అని అడిగింది. లేదన్నాను. మర్నాడు గొర్లను దొడ్లోకి తోలుకుంటూ నాతో అంది, "రాయకపోవుడే మంచిదాయె చెల్లే. అది తండ్రీకొడుకుల ముచ్చట. మనమెందుకు చెవి పెట్టాలె?" ఆ ముక్క నేను బడిలో ఎన్నిసార్లు చదివానో. నాకు ఆ ప్రశ్నే పుట్టలేదు. ఆమెకు ప్రశ్నా పుట్టింది, జవాబూ దొరికింది.

నిజం చెబుతాను. అప్పటి నుంచే నా లోపల మంట మొదలైంది. చదివేది నేను, గొంతు ఎండేది నాది, దేవుడు మాత్రం ఆమెతో మాట్లాడేవాడు. ఊళ్లో బిడ్డకు జ్వరమొస్తే అక్కను పిలిచేవాళ్లు. కాన్పు కష్టమైతే అక్కను పిలిచేవాళ్లు. ఆమె ప్రార్థిస్తే బాగైనవాళ్లున్నారు, కానివాళ్లున్నారు. కానివాళ్ల ఇంట్లో ఇంకొక రోజు ఉండి గిన్నెలు కడిగి వచ్చేది. నన్ను ఒక్కరూ పిలవలేదు. పిలిచినా నాకు నోరు రాదు. గుళ్లో అయ్యగారు వరసగా ప్రార్థన చేయమంటే నా వంతు రాగానే దగ్గు తెచ్చుకునేదాన్ని.

ఒక పండుగకు పాలమూరు నుంచి ఒక బోధకుడు వచ్చాడు. అందరి ముందర అక్కను నిలబెట్టి, "చదువు రాకపోయినా వాక్యమంతా ఈ తల్లి గుండెల ఉన్నది" అని పొగిడాడు. సంఘమంతా చప్పట్లు కొట్టింది. ఆ వాక్యం ఆమె గుండెలోకి ఎట్లా పోయిందని ఆయన అడగలేదు. నా వైపు తిరిగి, "అమ్మా, జర మంచినీళ్లు తెస్తవా" అన్నాడు.

మర్నాటి పగలు అక్క పుస్తకం తెచ్చింది. "అక్షరాలు మసకమసకగ అగుపడుతున్నయి అక్కా" అన్నాను. అది అబద్ధం. నేను చదవకపోతే ఆమె ఎండిపోతుందని, అప్పుడు నా విలువ అందరికీ తెలుస్తుందని నా ఆలోచన.

"అయ్యో, రోజు గంతగంత చదివించిన గద! నాదే తప్పు" అని అక్క కళ్లనీళ్లు పెట్టుకుంది. నా వంతు నీళ్లు తను మోసింది. నా వంతు జొన్నలు తను విసిరింది. కల్వకుర్తి దవాఖానకు పోయి చుక్కల మందు తెచ్చింది. అది పోస్తే నిప్పులు పోసినట్టుండేది, అయినా పోయించుకున్నాను. చదివే వేళకు నా తల ఒళ్లో పెట్టుకొని, కళ్ల మీద అరచెయ్యి పెట్టి ప్రార్థించేది. ఆ చెయ్యి కింద నేను కళ్లు తెరుచుకొనే ఉండేదాన్ని. ఆమె వేళ్ల సందుల్లోంచి మా దూలానికి పట్టిన చెదలు కూడా స్పష్టంగా కనబడేవి.

నెల గడిచింది. అక్క ఎండిపోలేదు. ఇదివరకు విన్నదాన్నే తోడుకొని తాగుతూ ఇంకా నిండుగా అయింది. ఇక ఓర్వలేక ఒకరోజు "కనబడుతున్నయి" అన్నాను. వచ్చిన ఆదివారం ఆడవాళ్లంతా నన్ను ముందుకు తోశారు. అయ్యగారు సాక్ష్యం చెప్పమన్నారు. నిలబడ్డాను. ఆ నిమిషంలో నిజం చెప్పవచ్చు. చెప్పలేదు. "అక్క ప్రార్థనతోని నా కండ్లు బాగైనయి" అన్నాను. అక్క కొంగు కప్పుకొని ఆనందంతో ఏడ్చింది. ఆమెను తగ్గిద్దామని ఆడిన అబద్ధంతో నా చేత్తోనే ఆమెను ఇంకా ఎత్తులో కూర్చోబెట్టాను.

ఆ మాట ఊళ్లు దాటింది. అచ్చంపేట అవతల నుంచి మల్లయ్య అనే రైతు తన తల్లి ఈదమ్మను బండిలో తెచ్చాడు. ఆ అవ్వకు రెండు కళ్లలోనూ తెల్లటి పొర. వాళ్లు మన సంఘం వాళ్లు కాదు. మూడు రోజులు మా ఇంట్లోనే ఉన్నారు. అక్క మెతుకు ముట్టకుండా ఆ అవ్వ తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించింది. చూపు రాలేదు.

మల్లయ్య బండి కడుతూ నన్ను చూపించి, "ఈమె కండ్లకు పలికిన దేవుడు మా అవ్వ కండ్లకు ఎందుకు పలుకడు? మా అవ్వ చేసిన పాపమేంది?" అన్నాడు. ఆ అవ్వ మాత్రం, "ఊకో బిడ్డా. ఆయనకు ఎవలు కావాల్నో వాళ్లనే జూస్తడు. నేను ఆయనకు అక్కెరలేదు" అంది.

ఆ రోజు నుంచి అక్క ప్రార్థన ఆగిపోయింది. గొర్ల దొడ్లో కూర్చొని కనిపించింది. "నోరు వస్తలేదు చెల్లే. నా దిక్కు ఏదో తక్కువున్నది, ఆయన చెప్తలేడు" అంది. మొట్టమొదటిసారి ఆమె నాలాగే అయింది. రాయడానికి సిగ్గుగా ఉంది కాని, ఆ పూట నాకు తియ్యగా అనిపించింది. రెండో రోజుకు ఆ తీపి విరిగిపోయింది. ఆమె తినలేదు, నాకూ ముద్ద దిగలేదు.

మూడో రోజు ఇద్దరం చింతపండు గింజలు తీస్తున్నాం.

"అక్కా, నా కండ్లకు ఏం కాలే" అన్నాను.

"ఎప్పుడు?"

"ఎప్పుడూ కాలే. నీ మీద మంటతోని చెప్పిన. చదివేది నేను, పేరు నీకు. దేవుడు సుత నీకే."

అక్క చెయ్యి ఆగింది. కొడుతుందనుకున్నాను. "ఓసి నీ యవ్వ! నెల దినాలు నీ వంతు నీళ్లు నేనే మోస్తి గదనే!" అంది. నవ్వింది. ఆ నవ్వు సగంలోనే పోయి మొఖం మారింది. "అయితే ఆ అవ్వ?"

"ఏ అవ్వ?"

"ఈదమ్మ. దేవుడు నన్ను కాదన్నడనుకుంట బండెక్కి పోయింది. గా మాట మీదనే సస్తే ఎట్ల? లే. చీర మార్చుకో."

అంతే. తన పేరు పోయిందని ఒక్క మాట అనలేదు. నన్ను క్షమించానని కూడా అనలేదు, అంత తీరిక ఆమెకు లేదు.

అచ్చంపేట దాకా బస్సులో పోయి, అక్కడి నుంచి రెండు కోసులు నడిచాం. దారిలో నా కాళ్లు వెనక్కి లాగాయి. "నువ్వు చెప్పు అక్కా" అన్నాను. "అబద్ధం నీది, నోరు నాదా? ప్రార్థన చెయ్యి, ధైర్యమొస్తది" అంది. నాకు రాదన్నాను. "రానిదే చెయ్యి. వచ్చిన ప్రార్థన ఆయన మస్తు విన్నడు" అంది. ఒక రాళ్ల గుట్ట పక్కన నిలబడి, "ప్రభువా, నాకు భయమైతాంది" అన్నాను. ఇంకేం రాలేదు. అక్క "ఆమేన్" అని ఎంత గట్టిగా అన్నదంటే గుట్ట మీద మేకలు తలెత్తి చూశాయి.

ఈదమ్మ అవ్వ గడప దగ్గర కూర్చొని తడుముకుంటూ మోదుగాకు విస్తర్లు కుడుతోంది. ఆమె ముందర కూర్చొని అంతా చెప్పాను.

"అంటే నీ కండ్లు ముందుగాల్నే మంచిగుండెనా?" అంది.

"ఉండె అవ్వా."

"మరి ఆయన నీకు సుత ఏం చెయ్యలే?"

"ఏం చెయ్యలే."

బోసినోటితో అవ్వ ఒకటే నవ్వు. "అయితే నన్నొక్కదాన్నే ఎళ్లగొట్టలే అన్నట్టు! మల్లిగా, వీళ్లకు సల్ల పోయిరా!" మల్లయ్య నన్ను కొరకొరా చూస్తూనే మజ్జిగ తెచ్చాడు. అవ్వ అక్క వైపు చెయ్యి చాపింది. "బిడ్డా, మల్లొకసారి తల మీద చెయ్యి పెట్టు. చూపు అడుగకు. ఊకె పెట్టు. నీ చెయ్యి ఉన్న మూడు దినాలు నాకు నిమ్మలముండె" అంది. అక్క పెట్టింది. నిజం చెప్పింది నేను, అవ్వ అడిగింది మాత్రం ఆమె చెయ్యి. అక్కడ కూడా నేను కుళ్లుకున్నాను. దాచను.

తిరిగి వస్తూ బస్సులో అక్క, "సంఘంల సుత చెప్పాలె. గది నీ పని. నేను నోరు తెరువ" అంది. మళ్లీ ఎన్నడూ గుర్తు చేయలేదు. ఆ తర్వాత ఎనిమిదేళ్లు బతికింది. రోజూ పగటిపూట నేను చదివాను, ఆమె వింది, చివర నాతో ఒక్క మాటైనా ప్రార్థన చేయించింది. ఎవరైనా కండ్ల అద్భుతం ఎత్తితే, "ఆ ముచ్చట చెల్లెనడుగుండ్రి" అని తల వంచుకునేది. అందరూ అది వినయమనుకున్నారు. ఆమె నా కోసం కాచుకొని ఉందని నాకొక్కదానికే తెలుసు. ఈ ఆదివారం చెబుదాం, వచ్చే ఆదివారం చెబుదాం అనుకుంటూ అన్ని ఏళ్లు ఆమెను కాచుకోబెట్టాను. ఆమె ఉండగా చెప్పలేకపోయాను.

సంఘం పెద్దలారా, అక్కలారా, ఇప్పుడు చెబుతున్నాను. నా సాక్ష్యం అబద్ధం. నా కళ్లకు ఏ జబ్బూ లేదు. ఇక మీద ఆ అద్భుతం ఎవరూ చెప్పవద్దు. మా అక్క గురించి పిల్లలకు చెప్పాలనుకుంటే, ఒక గుడ్డి అవ్వ దేవుడు తనను వద్దన్నాడని బాధపడకూడదని, తన పేరు పోతుందని తెలిసీ నన్ను వెంటబెట్టుకొని నడిచిందని చెప్పండి. ఇది నేను చూసింది. ఈ రెండు కళ్లతో చూసింది.

ఇది అచ్చయ్యాక మీరు నన్ను ఏమన్నా పడతాను. నాకున్న దిగులు వేరే. దేవుడు మనిషికి ఎంత దగ్గరకు వస్తాడో నేను పుస్తకంలో తెలుసుకోలేదు, ఆమెను చూసి ఓర్వలేక తెలుసుకున్నాను. ఆమె ఎంత లోపలికి పోయిందో చూసి, నేను ఎంత బయట ఉన్నానో కొలుచుకున్నాను. ఇప్పుడు చుట్టూ చూస్తే మంచివాళ్లు చాలామంది ఉన్నారు. కాని నేను కుళ్లుకునేంతటి మనిషి మా ఊళ్లో ఒక్కరూ లేరు.