ఐసు పెట్టెలో బూరలు

డిగ్రీ పట్టా కొత్తగా చేతికొచ్చిన ఆ రోజుల్లో, నాకు తెలిసింది ఎవరో ఒకరికి చెప్పకపోతే అన్నం అరిగేది కాదు. అనకాపల్లిలో అక్కావాళ్లింట్లో ఉంటూ ఇంటర్ పిల్లలకి ట్యూషన్లు చెప్పేవాణ్ణి. (వాళ్లు పారిపోయే వీల్లేక వినేవారు.) బావది చేపల వ్యాపారం, రాంబిల్లి నుంచి సరుకు తెచ్చి బజార్లో అమ్మేవాడు. మేనకోడలు చిట్టి అప్పుడే టైఫాయిడ్ నుంచి లేచింది. ఎవరు పలకరించినా అక్క చీర వెనక్కి పోయేది తప్ప నోరు విప్పేది కాదు. మే నెలలో దాని పుట్టినరోజు. "ఏటి కావాలమ్మా?" అని బావ బతిమాలగా బతిమాలగా, అతని చెవిలో ఒకే మాట చెప్పింది: "బూరలు."

ఆ గాలి బుడగలు ఊదే పని నేను నెత్తినేసుకున్నాను. పొద్దున్నే కూర్చుని, దవడలు నొప్పెట్టేదాకా బిర్రుగా ఊది, మేడ మీద వరసగా కట్టాను. ఎండెక్కేసరికి ఒకటి ఠాప్‌మంది. దాని వెనకాలే ఇంకోటి. చిట్టి పెదవులు వణికాయి. నేను ఊరుకోవచ్చు కదా? పక్కన కూర్చోబెట్టుకుని, "చూడమ్మా, వేడెక్కితే లోపలి గాలికి ఎక్కువ చోటు కావాలి. రబ్బరు అంతకుమించి సాగలేకపోతే ఒత్తిడి పెరిగి..." అంటుండగానే నా చెవి పక్కన మరోటి పేలింది. పిల్ల గొల్లుమంది.

"పాఠం తర్వాత సెప్పుదువు గాని, ముందు ఉన్నవైనా కాయరా," అంది అక్క.

మిగిలినవి తీసుకెళ్లి బావ ఐసు పెట్టెలో పెట్టి మూతేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా. సాయంత్రం తీసి చూస్తే అన్నీ చిక్కి, మెత్తబడి, జ్వరం పడ్డవాళ్ల బుగ్గల్లా ఉన్నాయి. పైగా వంజరం చేపల వాసన. చిట్టి తొంగి చూసి, "సచ్చిపోయేయా మావా?" అంది మెల్లగా. జబ్బు తగ్గాక నాతో అన్న మొదటి మాట అదే. ఒక ఎర్ర బూర తీసి పిల్ల ఒళ్లో పెట్టాను.

రెండు చేతులా హత్తుకుని అలాగే కూర్చుంది. కాసేపటికి, "మావా, లెగుత్తంది," అంది. నిజమే, వెచ్చబడుతున్నకొద్దీ బూర మళ్లీ బిగుస్తోంది. "ఊపిరి తీత్తందా?"

పాఠమంతా నాలుక చివరికొచ్చింది. అక్క గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది.

"అవునమ్మా, తీత్తంది," అన్నాను.

ఇక దాన్ని ఆపేవాళ్లు లేరు. వచ్చిన చుట్టాలందరికీ తలో బూరా ఇచ్చి, గట్టిగా నొక్కకుండా ఎలా ఒళ్లో పెట్టుకోవాలో ఒకటే మాటలు. (వీధిలోని పిల్లులు కూడా వచ్చాయి, పిలవకుండానే.) అక్క వంటింట్లోకి పోయి కళ్లు తుడుచుకుంది.

ఇప్పుడు కాలేజీలో ఏటేటా ఆ పాఠం చెబుతాను. ఒత్తిడీ, ఘనపరిమాణమూ, ఉష్ణోగ్రతా ఒకదానికొకటి ఎలా ముడిపడి ఉంటాయో తడుముకోకుండా చెప్పి, అడిగినవాటికి సరైన జవాబులే ఇస్తాను. అయితే ఎవరైనా చిన్నపిల్ల మళ్లీ అలా అడిగితే, అప్పటి నాలోని కుర్రాడంత తొందరగా అవునని అనగలనో లేదో.